రెండు స్తంభాల మధ్య తాడు





ఒకనాడు దైవప్రవక్త ముహమ్మద్ (స) మస్జిదులోకి ప్రవేశించినప్పుడు రెండు స్తంభాల మధ్య ఒక తాడు కట్టి ఉండటం చూశారు. అది ఏమిటని విచారించారు. అది హజ్రత్ జైనబ్ (రజి) గారిదని, నమాజ్‌లో నిలబడి అలసిపోయినప్పుడు ఆమె దాన్ని పట్టుకుంటారని అక్కడివారు విన్నవించారు. ఆ తాడును విప్పివేయమని ఆయన (స) ఆదేశించారు. ఓపిక ఉన్నంతసేపు నిలబడి నమాజ్ చేయాలనీ, అలసినప్పుడు కూర్చోవాలనీ బోధించారు. సహీహ్ బుఖారీలోని ఈ హదీసును నేను పాతికేళ్ళుగా విద్యార్థులకు బోధిస్తున్నాను. అటువంటి తాడు మా ఇంట్లోనే ఒకటి ఉందన్న సంగతి మాత్రం చాలాకాలం గ్రహించలేకపోయాను.

మా ఇంటి తాడు బీరువా తలుపు.

ఆరేళ్ళ క్రితం ఒక ఫజర్ వేళ నా భార్య పడక మీది నుండి లేవబోయి, గోడలు గిర్రున తిరుగుతున్నాయంటూ మంచం పట్టెను పట్టుకుని కూలబడింది. రెండు రోజులు వాంతులు. కళ్ళు తెరిస్తే చాలు, గది తిరిగిపోయేది. మూడవ నాటికి ఆ ఉద్ధృతి తగ్గింది గాని తూలడం మాత్రం పోలేదు. చీకట్లో నడిస్తే కాలు ఒక పక్కకు పోయేది. పై అరలో ఉన్న డబ్బా కోసం తలెత్తితే ఒళ్ళు ఊగేది. చార్మినార్ వైపు బజారుకు వెళితే, ఎదురుగా వచ్చే జనప్రవాహాన్ని చూసి గోడకు ఆనుకుని నిలబడిపోయేది.

నేను ఆమెతో ఏమన్నానో దాచకుండా చెబుతాను. మొదట నీరసమన్నాను. తర్వాత నజర్ తగిలిందేమోనని దువాలు చదివి ఊదాను. ఆ తర్వాత సబ్ర్ వహించమన్నాను. చుట్టాలలో ఒకరు మెడ ఎముక అరిగిందన్నారు. మరొకరు ఆడవాళ్ళకు ఈ వయసులో ఇవన్నీ మామూలే అన్నారు. ఎవరో రాసిచ్చిన తలతిరుగుడు మాత్రలను రెండేళ్ళపాటు రోజూ మింగింది. ఆ మాత్రలు మత్తు తెచ్చేవి. తూలడాన్ని తగ్గించేవి కావు. ఆమె ఫిర్యాదు చేయడం మానేసింది. నయమైందని నేను అనుకున్నాను.

ఒకరోజు మా అమ్మాయి నా దగ్గరకు వచ్చి, "అబ్బా, అమ్మీ బీరువా తలుపు పట్టుకొని నమాజ్ చేస్తోంది. సజ్దా నుంచి లేచేటప్పుడు పడబోయింది. మీతో చెప్పొద్దంది," అన్నది. వెళ్ళి అడిగాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మౌల్వీ గారి ఇల్లాలు నడివయసులోనే కూర్చుని నమాజ్ చేస్తోందంటే నలుగురూ ఏమనుకుంటారు? మీకు మాట రాకూడదని..." అని ఆగిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సబ్ర్ అనే పవిత్రమైన మాటను నేను ఆమెకు ఊరటగా ఇవ్వలేదు. ఆమె నోరు మూయించడానికి వాడుకున్నాను.

నా అపరాధాన్ని మరింత పెంచే విషయం మరొకటుంది. మా మద్రసాలలో బోధించే హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం 'హిదాయా'. హిజ్రీ 593లో, అంటే క్రీ.శ. 1197లో పరమపదించిన ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మ) దాని రచయిత. అందులో నావ మీద నమాజ్ గురించిన చర్చ ఉంది. నడిచే నావలో ఏ రోగమూ లేనివాడు కూర్చుని నమాజ్ చేసినా చెల్లుతుందని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. కారణం సరిగ్గా మన విషయమే: నావలో తల తిరగడం అధికంగా సంభవిస్తుంది, తరచుగా సంభవించేదాన్ని సంభవించినట్లుగానే పరిగణించాలి. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) గార్లు కారణం లేనిదే కూర్చోరాదన్నారు. కారణం ఉన్నచోట మాత్రం ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. ఏటా ఈ పాఠం చెప్పి, విద్యార్థుల చేత వల్లె వేయించిన నేను, నేల మీద ఉండి కూడా నావలో ఉన్నట్లు ఊగిపోతున్న నా ఇంటి మనిషిని గుర్తించలేదు.

ఇక వైద్యం సంగతి. ప్రతి వ్యాధికీ అల్లాహ్ ఔషధాన్ని సృష్టించాడని, చికిత్స చేయించుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. కనుక చికిత్సను వెతకడం కూడా విధేయతే. చెవి వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాను. తల తిరిగితే చెవి వైద్యుడెందుకని నాకూ అనుమానం కలిగింది. ఆయన ఓపికగా వివరించాడు.

మనిషి నిటారుగా నిలబడటానికి ముగ్గురు సాక్షులు కావాలి. ఒకటి, లోపలి చెవిలోని సమతుల్య అవయవం. రెండు, కళ్ళు. మూడు, అరికాళ్ళు, కీళ్ళు, కండరాలు పంపే సమాచారం. మెదడు ఈ ముగ్గురి సాక్ష్యాన్నీ విని, మనం ఎటు కదులుతున్నామో తీర్పు చెబుతుంది. ఒక సాక్షి తప్పుడు సమాచారమిస్తే తీర్పు తారుమారవుతుంది. అప్పుడు నిలకడగా ఉన్న గోడ తిరుగుతున్నట్లు తోస్తుంది. ఒక చెవి దెబ్బతిన్న మనిషి మిగిలిన సాక్షుల మీద ఎక్కువగా ఆధారపడతాడు. అందుకే కరెంటు పోయి చీకటి కమ్ముకోగానే, మెత్తటి పరుపు మీద కాలు పెట్టగానే తూలుతాడు.

చెవిలోకి చల్లని, వెచ్చని నీటిని పంపి, కళ్ళు ఎలా కదులుతున్నాయో చూసే పరీక్ష ఒకటి ఆమెకు చేశారు. వియన్నాకు చెందిన వైద్యుడు రాబర్ట్ బారానీ ఈ విషయంలో చేసిన కృషికి 1914 నోబెల్ బహుమతి లభించింది. ఆ పరీక్షలో తేలిందేమిటంటే, ఆమె ఎడమ చెవిలోని సమతుల్య నాడి బలహీనపడింది. ఆ మొదటి ఫజర్ నాటి దాడి ఆ నాడి వాపు వల్ల వచ్చినదే. అది నీరసమూ కాదు, ఊహా కాదు.

మన తెలుగులో 'తల తిరగడం' వేరు, 'కళ్ళు బైర్లు కమ్మడం' వేరు. వెయ్యేళ్ళ క్రితం ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్' గ్రంథంలో కూడా ఈ రెంటినీ వేరు చేశాడు. వస్తువులు తన చుట్టూ తిరుగుతున్నట్లు తోచడాన్ని 'దువార్' అన్నాడు. లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్మి పడబోవడాన్ని 'సదర్' అన్నాడు. నేటి వైద్యుడు కూడా మొదట అడిగే ప్రశ్న ఇదే. కనుక వైద్యుని దగ్గరకు వెళ్ళేముందు ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోండి: గది తిరుగుతోందా, కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయా, లేక ఊరికే తూలుతున్నారా? ఒక్కోసారి ఎంతసేపు ఉంటోంది? ఏం చేసినప్పుడు వస్తోంది? చెవిలో హోరు, వినికిడి లోపం ఉన్నాయా?

ఈ జవాబులను బట్టి కారణం మారుతుంది. పడక మీద పక్కకు తిరిగినప్పుడో, సజ్దాలోకి వెళ్ళినప్పుడో కొన్ని క్షణాలపాటు గిర్రున తిరిగి ఆగిపోతే, లోపలి చెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పి వంపు గొట్టాలలో చేరి ఉండవచ్చు. దీనికి అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ 1992లో ప్రచురించిన పద్ధతి ఉంది. తలను ఒక క్రమంలో తిప్పి ఆ రేణువులను వాటి చోటికి చేరుస్తారు. మాత్రలతో తగ్గనిది చాలామందికి ఒకటి రెండు సార్లు ఇలా చేయగానే తగ్గిపోతుంది. గంటల తరబడి తల తిరగడంతో పాటు చెవిలో హోరు, దిబ్బడ, వినికిడి తగ్గడం ఉంటే అది మెనియర్ వ్యాధి కావచ్చు. 1861లో ఫ్రాన్స్ వైద్యుడు ప్రాస్పర్ మెనియర్ దాన్ని వివరించాడు. అటువంటివారికి వైద్యులు ఉప్పు తగ్గించమంటారు. అంటే ఊరగాయ, అప్పడాలు దూరం పెట్టాలన్నమాట. మైగ్రేన్ ఉన్నవారికి తలనొప్పి లేకుండా కూడా తల తిరగవచ్చు. నిలబడగానే బైర్లు కమ్మితే రక్తపోటు పడిపోతోందేమో, రక్తపోటు మాత్రల మోతాదు ఎక్కువైందేమో, మధుమేహం నాడులను దెబ్బతీసిందేమో, రక్తహీనత ఉందేమో చూడాలి.

ఒక హెచ్చరిక. అకస్మాత్తుగా తల తిరగడంతో పాటు మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒకటి రెండుగా కనబడటం, కాలో చెయ్యో పట్టు తప్పడం, అసలు నిలబడలేకపోవడం, ఎన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి - వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పక్షవాతమేమోనని భయపడాలి. ఊదించడానికీ, చుట్టాలను సంప్రదించడానికీ అప్పుడు సమయం లేదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. దువా అంబులెన్సులో కూడా చేయవచ్చు.

మా ఇంటావిడ విషయంలో వైద్యుడు చెప్పిన మాట మాకు కొత్త. ఆ మాత్రలు తీవ్రమైన దాడి వచ్చిన ఒకటి రెండు రోజులకే గాని, ఏళ్ళ తరబడి మింగేవి కావన్నాడు. అవి మెదడును జోకొట్టి, కొత్త పాఠం నేర్చుకోనివ్వవట. తల తిరుగుతుందని కదలకుండా కూర్చున్నా అదే నష్టమట. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులో కాథార్న్, కుక్సీ అనే వైద్యులు తలకు గాయాలైన సైనికుల కోసం కొన్ని వ్యాయామాలు రూపొందించారు. చూపును ఒక చోట నిలిపి తలను మెల్లగా తిప్పడం, కూర్చుని లేవడం, గోడ పక్కన మడమకు బొటనవేలు ఆనించి నడవడం వంటివి. వాటి ఆధారంగా నేటికీ వ్యాయామం నేర్పుతున్నారు. చేసేటప్పుడు కొంచెం తల తిరుగుతుంది. ఆ కొంచెం తిరగడంలోనే మెదడు నేర్చుకుంటుంది. అస్ర్ తర్వాత పదిహేను నిమిషాలు ఆమె ఈ వ్యాయామం చేస్తుంది. ఆ సమయంలో నేను పక్కన నిలబడతాను. మొదటి నెల ఏ మార్పూ కనబడలేదు. మూడవ నెలలో ఒంటరిగా మెట్లు దిగి వచ్చింది. పూర్తిగా నయమైందని చెప్పను. చీకటి, జనసమ్మర్దం నేటికీ ఆమెను ఇబ్బంది పెడతాయి. కాని ఆమె ఇప్పుడు భయంతో బతకడం లేదు.

ఇంట్లో మేము చేసుకున్న మార్పులు మీకూ ఉపకరిస్తాయని రాస్తున్నాను.

ఫజర్‌కు లేచేటప్పుడు ఒక్కసారిగా లేవదు. పక్కకు ఒత్తిగిలి, మంచం అంచున కూర్చుని, ఒక నిమిషం ఆగి, మేల్కొన్నప్పటి దువా చదువుకుని అప్పుడు నిలబడుతుంది. పడకగది నుండి స్నానాలగది వరకు రాత్రంతా చిన్న దీపం వెలుగుతుంది. వుజూలో అతి ప్రమాదకరమైనది వాష్‌బేసిన్ ముందు ఒంటికాలి మీద నిలబడి రెండవ పాదం కడగడం. మా ఇంట్లో కుళాయి కింద ఒక పీట వేశాము. వుజూ అంతా కూర్చునే. పుక్కిలించేటప్పుడు తల వెనక్కి వాల్చనవసరం లేదు. ఉపవాసం లేనప్పుడు గొంతు వరకు నీరు పుక్కిలించడం సున్నతే. దాని కోసం పడిపోవడం సున్నత్ కాదు. స్నానాలగది గోడకు ఒక ఇనుప పట్టీ బిగించాము. వంటగదిలో రోజూ వాడే డబ్బాలు నడుము ఎత్తుకు దించాము. బట్టలు ఆరవేయడానికి మిద్దె మీదికి నేనో, అబ్బాయో వెళతాము.

బుర్ఖా అంచు నేలను తాకితే కాలికి చుట్టుకుంటుంది. మెట్లు దిగేటప్పుడు అది ప్రాణాంతకం. అంచును చీలమండల దగ్గరకు కుట్టించుకోవాలి. నిఖాబ్ ధరించేవారు కాళ్ళ దగ్గరి నేల కనబడేలా సవరించుకోవాలి. తూలే మనిషికి చూపు ఒక ఊతకర్ర వంటిది. వీధిలో నేను ఆమె చేయి పట్టుకుని నడుస్తాను. మొదట్లో మగవాడినన్న బిడియం నన్ను కూడా ఆపింది. ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాల వేళ మా వీధులు జనంతో, డప్పుల మోతతో నిండిపోతాయి. ఆ రోజు ఆమె బయటికి రాదు. పక్కింటి అక్కయ్యే మా కూరగాయలు తెచ్చి మెట్ల మీద అందించి, "వదినా, దిగకు, నేనే వస్తా," అంటుంది. ఆమెకు ఈ జబ్బు పేరు తెలియదు. అయినా నాకన్నా ముందే ఆమె దీన్ని నమ్మింది.

ఇక నమాజ్ నియమాలు. మూలవ్యాధితో బాధపడుతున్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) అడిగినప్పుడు, నిలబడి నమాజ్ చేయమని, అది చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి చేయమని దైవప్రవక్త (స) చెప్పారు. జైనబ్ (రజి) గారి తాడు సంఘటనను పండితులు ఐచ్ఛిక నమాజ్‌లకు సంబంధించినదిగా గ్రహిస్తారు. ఫర్జ్ నమాజ్‌లో నిలబడగలిగినంతసేపు నిలబడాలి. గోడకో, చేతికర్రకో ఆనుకుంటే స్థిరంగా నిలబడగలమనుకునేవారు అలాగే నిలబడాలి. ఆనుకున్నా తల తిరుగుతుంటే, పడతామనే భయం ఉంటే, కూర్చోవాలి. ఊగే బీరువా తలుపు ఆధారం కాదు, అపాయం. నేల మీద కూర్చోగలిగినవారికి నేలే ఉత్తమం. అది సాధ్యం కానివారు కుర్చీ మీద కూర్చోవచ్చు. తల వంచి సజ్దా చేస్తే గిర్రున తిరిగేవారు కూర్చుని సైగతో రుకూ, సజ్దాలు చేయాలి. సజ్దాకు తలను రుకూకన్నా కొంచెం ఎక్కువ వంచితే చాలు. దిండును నుదుటి వరకు ఎత్తుకోనవసరం లేదు. చూపును సజ్దా స్థలం మీద నిలపడం, కళ్ళు మూసుకోకపోవడం మన నమాజ్ మర్యాదలలో ఉన్నవే. తూలేవారికి అవే ఊతం. పాదాల మధ్య నాలుగు వేళ్ళ ఎడం చాలదనుకుంటే మరికొంత ఎడంగా నిలబడండి, నమాజ్ చెడదు. సలామ్‌కు తలను మెల్లగా తిప్పండి. మీ స్థితిని దగ్గరలోని ముఫ్తీ సాహెబుకు పూర్తిగా వివరించి తీర్పు తీసుకోండి.

రోజా విషయంలో కూడా రోగికి మినహాయింపు దివ్య ఖుర్ఆన్ ఇచ్చినదే. దాడి వచ్చిన రోజులను తర్వాత పూర్తి చేసుకోవచ్చు. ఇక ఎన్నటికీ ఉండలేనివారికి ఫిద్యా ఉంది. వైద్యుని మాట విన్న తర్వాతే నిర్ణయించుకోండి.

ఈ రాయితీలు తీసుకోవడం బలహీన విశ్వాసమని భావించేవారికి మూడు సంగతులు గుర్తు చేస్తాను. దైవప్రవక్త (స) గుర్రం మీది నుండి పడి గాయపడినప్పుడు కూర్చుని నమాజ్ చేశారు. అంతిమ అస్వస్థతలో నమాజ్‌కు లేవబోయి పదేపదే స్పృహ తప్పారు. తర్వాత ఇద్దరి ఆసరాతో మస్జిదుకు వచ్చారు. గ్రహణం నాటి సుదీర్ఘమైన నమాజ్‌లో హజ్రత్ అస్మా బిన్తె అబూబక్ర్ (రజి) కు మూర్ఛ వచ్చినట్లయింది. ఆమె తన తల మీద నీళ్ళు పోసుకున్నారు. ఆ సంగతిని ఆమె దాచలేదు, తానే వివరించారు. వారికి లేని సిగ్గు మనకెందుకు?

ఈ వ్యాధికి కట్టు ఉండదు, జ్వరం ఉండదు, ముఖంలో వాడిన జాడ కూడా ఉండదు. రోగి మాట తప్ప వేరే సాక్ష్యం ఇంట్లోవారికి కనబడదు. కనుక భర్తలారా, అత్తలారా, బిడ్డలారా! తల తిరుగుతోందని మీ వాళ్ళు చెబితే మొదట నమ్మండి. ఖర్చు గురించి భయపడితే కోఠీలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉంది. మస్జిదు కమిటీల పెద్దలారా! వుజూఖానాలో జారని రాయి, కూర్చునే గట్టు, మెట్లకు ఒక పట్టుగొట్టం ఏర్పాటు చేయండి. కుర్చీ మీద కూర్చున్న యువకుణ్ణి చూసి, 'ఈ వయసులో నీకేమైంది' అని అడగకండి.

ఆ తాడును విప్పమన్నప్పుడు దైవప్రవక్త (స) జైనబ్ (రజి) గారి భక్తిని తప్పుపట్టలేదు. ఆమె మీద పడిన భారాన్ని మాత్రమే విప్పించారు. నా వంతుగా, ఆలస్యంగానైనా, ఆ మర్నాడు జుహర్ వేళ నేను జానమాజ్‌ను బీరువా దగ్గర నుండి తీసి కిటికీ పక్కన గోడ దగ్గర పరిచాను. "కూర్చుని చేయి, నీ నమాజ్‌లో లోటు రాదు," అన్నాను. ఆమె కూర్చుంది. సలామ్ తిప్పిన తర్వాత, "మూడేళ్ళుగా నమాజ్‌లో నా ధ్యాసంతా పడిపోతానేమోనన్న దాని మీదే ఉండేది. ఇవాళ సూరా మీద నిలిచింది," అని మెల్లగా చెప్పింది.

మీ ఇంట్లో అటువంటి తాడు ఎక్కడైనా కట్టి ఉందేమో ఈ రోజే చూడండి. ఎవరు గోడ పట్టుకుని నడుస్తున్నారో, ఎవరు మెట్ల దగ్గర ఆగిపోతున్నారో గమనించండి. వారంతట వారు చెబుతారని ఎదురుచూడకండి.

ఓ అల్లాహ్! రోగులందరికీ స్వస్థతను ప్రసాదించు. వారి బాధను నమ్మే హృదయాలను మాకు ఇవ్వు. తూలే పాదాలకు ఇహలోకంలో ఆసరాను, పరలోకంలో సిరాత్ వంతెన మీద స్థిరత్వాన్ని అనుగ్రహించు. ఆమీన్.